మొహమాటస్తురాలి మోంటానా ఉద్యోగం

మొన్న మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఎవరిదో పాప పుట్టినరోజుకి వెళ్తే, ఇద్దరు ముగ్గురు నర్సమ్మాయిలు నన్ను మూలకి పట్టుకుపోయి కూర్చోబెట్టారు. "ఆంటీ, మీరు ట్రావెల్ నర్సింగ్ చేశారట కదా! ఏ ఏజెన్సీ బెటర్? ఎక్స్‌పీరియన్స్ ఎంత అడుగుతారు?" అని ఒకటే ప్రశ్నలు. ఆ కేకు హడావుడిలో ఏవో రెండు ముక్కలు చెప్పి పంపించాను. ఇంటికొచ్చాక అసలు సంగతి చెప్పనేలేదని తెగ బాధపడ్డాను. ఏజెన్సీని ఎలా ఎంచుకోవాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఎలా ఎంచుకోకూడదో చెప్పడానికి నాకున్నంత అర్హత ఈ న్యూజెర్సీలో ఇంకెవరికీ లేదు. అందుకని ఇవాళ పప్పు పొయ్యి మీద పడేసి మరీ రాస్తున్నాను.

ట్రావెల్ నర్స్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఏ ఊరి ఆసుపత్రిలోనైనా నర్సులు చాలకపోతే ఏజెన్సీల ద్వారా బయటి ఊళ్ళ నుంచి పిలిపించుకుంటారు. పదమూడు వారాలు పనిచేసి, పెట్టె సర్దుకుని ఇంకో ఊరికి పోవడమే. నేను ఇక్కడి ఆసుపత్రిలో వార్డు నర్సుగా ఉన్నప్పుడు అలా ఒకావిడ వచ్చింది. నాకంటే పెద్దది, ఓక్లహోమా మనిషి. ఒక ముసలి కుక్కని వెంటేసుకుని బండిలోనే కాపురం. మేమిద్దరం డబ్బాలు తెరుచుకుని తినేటప్పుడు తను తిరిగిన ఊళ్ళ ఫొటోలు చూపించేది. ఒకరోజు మోంటానాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి చూపించింది. వెనకాల మంచుకొండలు. ముందు పార్కింగ్ లాట్‌లో, రెండు కార్ల మధ్య, మన దుప్పికి పెదనాన్నలా ఒక జంతువు దర్జాగా నిలబడి ఉంది. దాన్ని ఎల్క్ అంటారట. "డ్యూటీ దిగి వచ్చేసరికి నా కారుకి అడ్డంగా నిలబడింది. అది కదిలేదాకా నేను ఇంటికి పోలేదు" అందావిడ పకపకా నవ్వుతూ.

అంతే, నాకు పిచ్చి పట్టింది. అమెరికా వచ్చి అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటింది. ఈ ఇరవయ్యేళ్ళలో నేను చూసిన అమెరికా ఏమిటయ్యా అంటే ఆసుపత్రి, గుడి, ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు. ఇండియా నుంచి చుట్టాలొస్తే నయాగరా. మళ్ళీ చుట్టాలొస్తే మళ్ళీ నయాగరా. అక్కడ అమ్మే వానకోట్లు మా ఇంట్లో ఒక సొరుగు నిండా ఉన్నాయి. ఎవరూ తోడు లేకుండా, ఎవరికోసమూ కాకుండా, నా ఉద్యోగం పట్టుకుని నేను ఒక్కచోటికి వెళ్ళాలి, ఆ ఎల్క్ నా కారుకి అడ్డం నిలబడాలి. ఇదీ నా కోరిక. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు, ఉందని చెబితే అబద్ధం.

కానీ నాకో పుట్టుజబ్బు ఉంది. మొహమాటం. మా గుంటూరు వైపు ఎవరింటికైనా వెళ్తే, కాఫీ ఇస్తామంటే మొదటిసారి "అబ్బే, వద్దండీ" అనాలి. రెండోసారి "ఇప్పుడే తాగొచ్చామండీ" అనాలి. మూడోసారి అడిగినప్పుడు "మీరు మరీ అంతగా అంటుంటే కొంచెం" అని గ్లాసు నిండా తాగాలి. పెట్టేవాళ్ళకి తెలుసు, తినేవాళ్ళకి తెలుసు. మొదటిసారే "ఇవ్వండి" అంటే, ఈవిడకి ఇంట్లో తిండి పెట్టరా అనుకుంటారు. ఈ పాఠం నేను నర్సింగ్ పాఠాలకంటే ముందు నేర్చుకున్నాను. ఒక్కటే గుర్తుంచుకోలేదు, అమెరికాకి ఈ సంగతి తెలియదని.

ఆ మధ్య మోకాలు నొప్పి చేసి, అక్టోబరులో వార్డు వదిలేసి ఒక కంటి క్లినిక్‌లో చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ కళ్ళల్లో చుక్కలు వెయ్యడమే పని. మోకాలు కుదుటపడింది కానీ మనసు మొద్దుబారిపోయింది. వసంతం రాగానే ఉండబట్టలేక ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాను. అవతల మాట్లాడినతను ఎంత తియ్యగా మాట్లాడాడని! నా పేరు మొత్తం తప్పులేకుండా పలికాడు. మోకాలి గురించి కనుక్కున్నాడు. మీ అనుభవం అద్భుతం, క్లినిక్ పనైనా ఫరవాలేదు, ఏదీ అడ్డం రాదు, అంతా నేను చూసుకుంటానన్నాడు. మా ఆడపడుచు కూడా నాతో అంత ప్రేమగా మాట్లాడలేదు.

రెండు వారాలు తిరక్కుండా అతనే ఫోన్ చేశాడు. మోంటానాలో ఫలానా ఊరి ఆసుపత్రిలో ఖాళీ ఉంది, మీ పేరు పంపనా అన్నాడు. దేవుడా, ఆ ఊరే! ఆ ఎల్క్ ఊరే! నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అంత సంతోషంలో నా నోరు ఏమందో తెలుసా? "ఓ, నో నో, ఇట్స్ ఓకే. నాకోసం మీకెందుకు శ్రమ? ఇంకెవరికైనా అవసరముంటే చూడండి" అంది. అతను "నో ప్రాబ్లమ్!" అని హుషారుగా ఫోన్ పెట్టేశాడు.

నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంకా అలాగే ఉన్నాను.

"ఏమిటోయ్, దీపమైనా పెట్టకుండా కూర్చున్నావు?"

"మోంటానా వచ్చిందండీ."

"వచ్చిందా! మరి ఏమన్నావు?"

"వద్దన్నాను."

"అదేమిటి, వెళ్ళాలని లేదా?"

"ఎందుకు లేదు! మళ్ళీ అడుగుతాడు కదా అని..."

ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. నాకు ఒళ్ళు మండి ఆ పూట అన్నంలోకి నిన్నటి చారే పోశాను. ఫోన్ మాత్రం ఆ వారమంతా మోగలేదు.

సిగ్గేసి ఆ తియ్యటతనికి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఇక్కడికి దగ్గర్లో ప్లెయిన్స్‌బరోలో ఉండే నా స్నేహితురాలికి మొరపెట్టుకుంటే, "మా పెద్దమ్మాయి అదే పనిలో ఉంది కదే!" అంది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, పెళ్ళయి టెక్సాస్‌లో ప్లేనోలో ఉంటోంది, ఇంకో ఏజెన్సీలో నర్సులని ఆసుపత్రులకి పంపించే ఉద్యోగం. ఫోన్ చేస్తే తియ్యదనం ఏమీ లేదు, ఎత్తగానే సూటిగా మొదలుపెట్టింది.

"ఆంటీ, మీకు ఎయిటీన్ ఇయర్స్ ఉంది, అది గుడ్. మాకు ఒకే టైప్ వార్డ్‌లో టూ ఇయర్స్ చాలు. కానీ లాస్ట్ బెడ్‌సైడ్ జాబ్, అంటే వార్డ్ జాబ్, వన్ ఇయర్ లోపల ఉండాలి. ఐ క్లినిక్ కౌంట్ అవదు."

"అదేమిటమ్మా, ఇంకో ఏజెన్సీ అబ్బాయి ఫరవాలేదన్నాడే!"

"ఆయన చెప్తాడు ఆంటీ. హాస్పిటల్ నో చెప్తుంది. మీరు అక్టోబర్‌లో వార్డ్ వదిలేశారు. ఈ అక్టోబర్ లోపల వెళ్ళకపోతే మళ్ళీ ఎక్కడో వార్డ్‌లో ఫస్ట్ నుంచి చెయ్యాలి. మీ లెగ్ ఓకేనా? అక్కడ నైట్ అంతా నడవాలి. నేను లై చెప్పను."

పద్దెనిమిదేళ్ళ అనుభవం ఫ్రిజ్‌లో పెట్టని సాంబారులా పాడైపోతుందని నాకెవరు చెప్పారు? మళ్ళీ వార్డులో చేరి మొదటినుంచి మొదలుపెట్టడానికి నా మోకాలు ఒప్పుకోదు, వయసూ ఒప్పుకోదు. అంటే అక్టోబరు లోపల వెళ్తే వెళ్ళినట్టు, లేకపోతే ఈ జన్మకి నయాగరాయే.

జూన్ పోయింది, జులై పోయింది. ఆ అమ్మాయి టెక్సాస్ అంది, ఒహాయో అంది. వాటికి మాత్రం ఎంత చక్కగా "వద్దమ్మా" అన్నానో! ఆగస్టు ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఆంటీ, మీ మోంటానా హాస్పిటల్ మళ్ళీ ఓపెన్ అయింది. మీ పేరు పంపనా?" అంది. మన పిల్లే కదా, నోరు తెరిచి "ఊఁ" అన్నాను. ఎగిరి గంతేద్దామనుకున్నాను కానీ మోకాలు గుర్తొచ్చి ఆగాను.

ఆ సాయంత్రమే ఆ తియ్యటతను ఫోన్ చేశాడు! నా మోకాలెలా ఉందని అడిగాడు. అదే ఆసుపత్రి మళ్ళీ ఖాళీ అయిందన్నాడు. పాపం, ఇన్నాళ్ళకి గుర్తుపెట్టుకుని, నన్ను రెండోసారి అడుగుతున్నాడు. అంతటి మనిషికి లేదని ఎలా చెప్పడం? పైగా నా బుర్రలో ఇంకో తెలివి మెరిసింది. మన దగ్గర ఒక కాలేజీలో సీటు కావాలంటే తెలిసినవాళ్ళ చేత ఒకరికి ఇద్దరు చెప్పిస్తాం కదా. నా పేరు ఇద్దరు చెబితే ఇంకా బలం కదా అనుకుని, "ఓకే, మీరూ పంపండి" అన్నాను. ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోతూ పడుకున్నాను.

మర్నాడు క్లినిక్‌లో ఒక పెద్దాయన కంట్లో చుక్క వెయ్యబోతుంటే ఫోన్ మోగింది. ఆ పెద్దాయనకి చుక్కలు వేసేసి వెనక గదిలోకి పరిగెత్తాను.

"ఆంటీ! మీరు ఇంకెవరికి యెస్ చెప్పారు?"

"ఎవరికీ లేదమ్మా... ఆ అబ్బాయికి ఒక్కడికే."

"ఓ మై గాడ్ ఆంటీ! ఇద్దరు ఏజెన్సీలు ఒకే నర్స్‌ని పంపిస్తే హాస్పిటల్ ఇద్దరినీ తీసేస్తుంది! ఎవరికి పే చెయ్యాలి అని వాళ్ళకి గొడవ వస్తుంది కదా!"

నాలిక్కరుచుకున్నాను. "ఇద్దరు చెబితే బలమనుకున్నానమ్మా" అన్నాను పీలగా. అవతల ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక తల ఫోన్‌కి దూరంగా తిప్పుకున్నట్టు తెలిసింది.

"ఓకే ఆంటీ. నేను అక్కడ మేనేజర్‌ని రిక్వెస్ట్ చేశాను. రేపు నూన్ లోపల మీరు ఒకరికి నో చెప్పాలి. ఎవరు కావాలో హాస్పిటల్‌కి మీరే ఈమెయిల్ పెట్టాలి. అప్పుడు ఆమె ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తుంది. మీరు ఆయన్ని తీసుకున్నా నేను ఫీల్ అవ్వను, మమ్మీకి కూడా చెప్పను. కానీ ఒకరే ఆంటీ. ప్లీజ్."

అప్పుడు నాకు ఎవరిని ఎంచుకోవాలో క్షణంలో తేలిపోయింది. అతను నాకు ఇష్టమైనవే చెప్పాడు. ఈ పిల్ల నాకు కష్టమైనవన్నీ చెప్పింది, ఆఖరికి తనని కాదనే వీలు కూడా నాకే ఇచ్చింది. ఆసుపత్రి మధ్యలో వద్దు పొమ్మంటే నా ఫోన్ ఎత్తేది ఈ పిల్లే. అమ్మాయిలూ, ఏజెన్సీ గురించి నాకు తెలిసిన సలహా ఇదొక్కటే. మిగతావన్నీ, ఇన్సూరెన్స్ ఏ రోజు నుంచి, ఉండడానికి ఇల్లెక్కడ, అవి మీరు నాకంటే బాగా అడుగుతారు.

తేలింది సరే, ఒక మనిషికి మొహం మీద "వద్దు" అని చెప్పాలి, ఇంకో మనిషికి మొదటిసారే "కావాలి" అని చెప్పాలి. రెండూ నాకు రావు. రెండూ రేపే.

ఆ సాయంత్రం మా ఆయన గరిటె చేతపట్టుకుని భోజనాల బల్ల దగ్గర నిలబడ్డారు. "ఇవాళ ఈ ఇంట్లో దేనికైనా ఒక్కసారే అడుగుతాను. రెండోసారి లేదు" అన్నారు.

"చాల్లెండి వేళాకోళం."

"దొండకాయ వేపుడు ఇంకాస్త?"

"వద్దులెండి" అన్నాను, అలవాటుకొద్దీ. గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశారు! నేను నోరు వెళ్ళబెట్టాను. దొండకాయ వేపుడు నా ప్రాణం.

"పెరుగు?"

"కడుపు నిండిపోయింది, చాల్లెండి..." పెరుగూ పోయింది!

"ఆవకాయ ముక్క?"

"కావాలి! వెయ్యండి! రెండు వెయ్యండి!" అని పక్కింటివాళ్ళకి వినబడేలా అరిచాను. ఆయన రెండు ముక్కలూ వేసి, "శభాష్, మోంటానా సగం దూరం వెళ్ళిపోయావు" అన్నారు. తరవాత ఆయనే ఆ తియ్యటి అబ్బాయిలా గొంతు మార్చి, "హౌ ఈజ్ యువర్ నీ, డియర్?" అని మొదలుపెడితే, నేను "నో" అనే బదులు నవ్వుతూ బల్ల కిందికి జారిపోయాను. అలా చాలాసేపు సాధన చేశాం. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ రాత్రి నవ్వినంత ఎప్పుడూ నవ్వలేదు.

పొద్దున్నే క్లినిక్‌కి ఆ రోజు సెలవు పెట్టేశాను. ముందు అతనికి ఫోన్. "మీరెంతో సాయం చేశారు. నేను వేరే ఏజెన్సీతో వెళ్తున్నాను. నా పేరు తీసెయ్యండి" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. పాపం ఎంత బాధపడతాడో, ఏమని ఓదార్చాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. "ఓకే! గుడ్ లక్!" అని పెట్టేశాడు. అంతే! నిజం చెప్పొద్దూ, నాకు కాస్త తల కొట్టేసినట్టయింది. కనీసం ఒక్కసారైనా బతిమాలకూడదా?

ఈమెయిల్ పంపాను. మధ్యాహ్నం మోంటానా నుంచి ఫోన్ వచ్చింది. ఆ వార్డు మేనేజరు గంభీరమైన గొంతు గల ఆడమనిషి. మా ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని గరిటె పట్టుకుని కూర్చున్నారు. నేను మెలికలు తిరిగితే గరిటె ఎత్తుతానని ముందే ఒప్పందం.

గొంతులో గొట్టం ఉన్న పేషెంట్లని చూశారా అని అడిగిందావిడ. "ఏదో, కొద్దిగా..." అన్నాను. గరిటె లేచింది. "కొద్దిగా కాదు. పద్దెనిమిదేళ్ళుగా చూశాను, బాగా వచ్చు" అన్నాను. ఒక్కసారే ఇద్దరి పరిస్థితి విషమిస్తే ఎవరి దగ్గరికి ముందు వెళ్తారని అడిగింది. దానికి గరిటె అక్కర్లేదు, పనిలో నాకు మొహమాటం ఎప్పుడూ లేదు. గబగబా చెప్పుకుపోయాను. ఎవరిని ముందు చూస్తానో, ఎవరిని పిలుస్తానో, డాక్టరు ఫోన్ ఎత్తకపోతే ఏం చేస్తానో అన్నీ చెప్పాను. ఆవిడ వింటూ ఊఁ కొడుతోంది.

ఆఖరికి, "మా దగ్గర చలి ఎక్కువ, మనుషులు తక్కువ. మీకు ఇష్టమైతే ఆలోచించుకుని..." అంటోంది. గరిటె లేవకముందే నా నోటివెంట, "ఆలోచించాను. నాకు కావాలి. వస్తాను!" అని వచ్చేసింది. ఆవిడ "అయితే రండి" అని ఫోన్ పెట్టాక మా ఆయన గరిటెతో బల్ల మీద డప్పు వాయించారు. నేను మోకాలి సంగతి మరిచిపోయి వంటింట్లో గిరగిరా తిరిగాను.

అక్టోబరు రాకముందే మోంటానాలో ఉన్నాను. మొదటివారమే, డ్యూటీ దిగి తెల్లవారుతుండగా బయటికి వస్తే, నా అద్దెకారు వెనక నిలబడి ఉన్నాడు ఎల్క్ మహానుభావుడు. ఫొటోలో కంటే పెద్దది. ముక్కులోంచి పొగలు. సెక్యూరిటీ ఆయన "కదలకండి, అదే పోతుంది" అని కేకేశాడు. కదిలేదెవరు! ఆనందం పట్టలేక నేను అక్కడే నిలబడి ఏడ్చాను, నవ్వాను, మా ఆయనకి వీడియో కాల్ చేశాను. ఆయన పళ్ళు తోముకుంటూనే చూశారు.

వార్డువాళ్ళు మంచివాళ్ళు. మొదట్లో ఎవరో కేకు తెచ్చి "తింటావా?" అంటే అలవాటుగా "నో, థాంక్స్" అన్నాను. నా కళ్ళ ముందే ఆ పళ్ళెం గది దాటి వెళ్ళిపోయింది. నా మొహం చూసి ఒక నర్సు ఏమైందని అడిగితే, నవ్వాపుకుంటూ మా కాఫీల మర్యాద మొత్తం విప్పి చెప్పాను. ఇక చూడండి, వార్డంతా అదే ఆట. నేను పులిహోర తీసుకెళ్తే, ఆరడుగుల మగనర్సు సిగ్గుపడుతూ "అబ్బే, వద్దు" అని రెండుసార్లు అని, మూడోసారి డబ్బా లాక్కునేవాడు.

పదమూడు వారాలు ఎలా గడిచాయో తెలియలేదు. చివరివారం, పని అప్పజెప్పుకునే వేళ అందరూ ఉండగా మేనేజరు నా దగ్గరికి వచ్చి, "ఇంకో పదమూడు వారాలు ఉంటారా?" అంది. అంత మంది ముందు, అంత హఠాత్తుగా! గరిటె న్యూజెర్సీలో ఉంది. "ఓ, నో నో, మీకెందుకు శ్రమ" అనేశాను. అని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

మేనేజరు ఒక వేలు ఎత్తింది. "అది మొదటిసారి" అంది గంభీరంగా. తరవాత రెండో వేలు ఎత్తి, "ఉంటారా?" అంది. ఆట అర్థమై, నేను నవ్వుతూ మళ్ళీ తల అడ్డంగా ఊపాను. అప్పుడు మూడో వేలు ఎత్తగానే వార్డు వార్డంతా, మూలమంచం మీది ముసలాయనతో సహా, "ఉంటారా?" అని ఒక్కసారిగా అరిచింది.

"మీరు మరీ అంతగా అంటుంటే, కొంచెం" అన్నాను.

కారులో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను. "ఏవండీ, ఇంకో పదమూడు వారాలట. మీరూ రండి ఇక్కడికి."

"అబ్బే, నేనెందుకులే అక్కడ" అన్నారాయన.

ఎవరి దగ్గర ఈ వేషాలు! "రండి" అన్నాను రెండోసారి. మూడోసారి అడిగే అవసరం రాలేదు. టికెట్ క్రితం వారమే కొనేసుకున్నారట.